ఇంటి మరమ్మతు, షెడ్డు మరమ్మతు

ఎడ్లబండి ఇరుసుకు కందెన పెట్టుటకు నూజివీడు సీమలో ఏ రైతూ వడ్రంగిని పిలిచి ఎరుగడు. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదము కలిపి, ఆ ముద్దను గొట్టములో నింపి, బండి క్రిందనే వ్రేలాడగట్టుకొనేవాడు. దారిలో చక్రము కీచుమన్నదంటే దిగి, సీల ఊడదీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, కందెన రాచి, మరల బిగించి సాగిపోయేవాడు. సీల సరిగా పడినదా లేదా అని రెండు మారులు చూచుకొనుట కూడ అతని పనియే. కాని అదే చక్రమునకు ఇనుపకట్టు వదులైనప్పుడు, ఎంతటి పనిమంతుడైనను తానుగా పూనుకొనేవాడు కాడు. కట్టును పిడకల మంటలో ఎర్రగా కాల్చి, పట్టకారులతో ఎత్తి, కొయ్యచక్రము మీదికి దించి, వెంటనే నీళ్ళు పోసి బిగువెక్కించవలెను. కొలత గోరంత తప్పినను చక్రము పగులును, లేదా నాలుగు నాళ్ళలో కట్టు ఊడి దారిలో పడును. అది కమ్మరి, వడ్రంగి కలిసి చేయు పని.

ఈ హద్దును ఎవరును కాగితము మీద వ్రాసి ఉంచలేదు. అయినను అందరికీ తెలియును. నూజివీడు వీణలకు కూడ పేరుపొందిన ఊరు. తీగ తెగినచో వైణికులు తామే కట్టుకొందురు, శ్రుతి తామే చేసికొందురు. మైనముపై నిలిపిన మెట్లు చెదరినప్పుడు మాత్రము మేళము కట్టు పనివానికే వీణను అప్పగింతురు. రేడియో గల ఇళ్ళవారికి ఈ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. బ్యాటరీ సెట్ల రోజులలో బ్యాటరీ మార్చుట, ఏరియల్ తీగ సరిచేయుట ఇంటివారి పని. వాల్వు కాలిపోయినచో సెట్టును గుడ్డలో చుట్టి దుకాణమునకు మోసికొని పోవలసినదే.

మరి మోటారు కారుకు ఈ హద్దు ఎక్కడ? ఈ మధ్య మా బంధువర్గములోని ఒక యువకుడు, నూజివీడు దాపున మామిడితోట చూచుకొనుచున్నవాడు, పాత కారు ఒకటి కొని మా యింటికి వచ్చినాడు. “బాబాయిగారూ, ప్రతి చిన్నదానికీ షెడ్డుకు పోతే తోట ఆదాయము షెడ్డుకే సరిపోవును. నేనేమి చేసికోవచ్చును, ఏది ముట్టరాదు, చెప్పండి” అన్నాడు. ప్రశ్న చిన్నదే. కాని సమాధానము చెప్పబోయేసరికి మాకు నూరేండ్ల వెనుకకు పోవలసి వచ్చినది.

మన సీమ అప్పుడు మద్రాసు రాజధానిలోనిది. 1903లో మద్రాసులో సింప్సన్ కంపెనీకి చెందిన శామ్యూల్ జాన్ గ్రీన్ ఆవిరితో నడచు కారును నిర్మించినాడు. ఆ తరువాత కొన్నేండ్లకు పెట్రోలు కార్లు జిల్లాలలోనికి వచ్చినవి. అవి మొదట చేరినది జమీందారుల మేడలకు, దొరల బంగళాలకు, పెద్ద వకీళ్ళ ఇళ్ళకు. కారుతోపాటు ఇంటిలోనికి మరొక మనిషి కూడ వచ్చినాడు: డ్రైవరు. అతనిని ఆనాడు షోఫరు అనేవారు. ఆ ఫ్రెంచి మాటకు అసలు అర్థము ‘మంట ఎగదోయువాడు’ అని. ఆవిరి యంత్రములకు నిప్పు రాజవేయువాని పేరే కారు నడుపువానికి దక్కినది. పేరుకు తగినట్లే ఆనాటి డ్రైవరు సగము మెకానిక్కు. తెల్లవారక ముందే లేచి, ప్లగ్గులు తుడిచి, నీళ్ళు పోసి, చక్రములలో గాలి కొట్టి, హ్యాండిలు త్రిప్పి బండిని సిద్ధము చేసేవాడు. యజమాని చేతికి మరక అంటేది కాదు. కారు బానెట్టు ఎత్తుట గొప్ప ఇంటివారికి తగిన పని కాదను భావము మన దేశములో అప్పుడే పాదుకొన్నది. అది నేటికీ పూర్తిగ పోలేదని మా అనుమానము.

అదే కాలములో అమెరికాలో కథ వేరు. 1908లో హెన్రీ ఫోర్డు తెచ్చిన ‘మోడల్ టి’ కారు 1927 వరకు కోటిన్నర దాక తయారైనది. దానిని కొన్నవారిలో ఎందరో రైతులు. షెడ్డు ఎన్నో మైళ్ళ దూరము, డ్రైవరును పెట్టుకొను స్తోమత లేదు. కావున నేర్చుకొనక తప్పలేదు. కొన్ని పానాలు, ఒక సుత్తి, ఒక స్క్రూడ్రైవరు ఉన్నచో ఆ బండిని చాలవరకు విప్పి బిగింపవచ్చును. ఒక దేశపు రైతు పాలేరులు లేక మెకానిక్కైనాడు. మరొక దేశపు శ్రీమంతుడు పాలేరులు ఉండి కాలేదు. తెలివితేటల తేడా ఇందులో ఏమియు లేదు.

అయితే ఆ రైతులకును దెబ్బలు తగిలినవి. హ్యాండిలు త్రిప్పునప్పుడు ఇంజను ఎదురు తిరిగినచో మణికట్టు విరిగేది. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే ఉంచవలెను, చుట్టి పట్టరాదు అనునది తొలి పాఠము. చార్లెస్ కెట్టరింగ్ రూపొందించిన విద్యుత్ స్టార్టరును 1912లో క్యాడిలాక్ కార్లకు అమర్చిన తరువాత గాని ఆ భయము తగ్గుముఖము పట్టలేదు.

ఇక్కడ ఒక మాట ముచ్చట చెప్పక తప్పదు. మనము అదనపు చక్రమును ‘స్టెప్నీ’ అంటాము. ఇంగ్లీషువారికి నేడు ఆ మాట చెప్పిన చాలమందికి అర్థము కాదు. వేల్సు దేశములో లనెల్లీ అను ఊరిలో స్టెప్నీ వీధి ఉన్నది. అక్కడి డేవిస్ సోదరులు 1904లో, పంక్చరు పడిన చక్రమునకు ప్రక్కన బిగించుటకు వీలుగ, ఆకులు లేని ఒక ఉపచక్రమును తయారుచేసి అమ్మినారు. వస్తువు మాయమైనది, వీధి పేరు మాత్రము మన లారీ క్లీనర్ల నోట నిలిచిపోయినది. కారు యజమాని దారిలో తన చేతులతో చేసికొను మరమ్మతులలో ఇంత పాతది, ఇంత నిలిచినది మరొకటి కానరాదు.

రెండవ ప్రపంచ యుద్ధములో పెట్రోలుకు కరువు వచ్చినప్పుడు మన రోడ్ల మీద బొగ్గు గ్యాసుతో బస్సులు నడచినవి. వెనుక పొయ్యి, ప్రక్కన నిప్పు రాజవేయు గాలిచక్రము, మసి పట్టిన క్లీనరు: షోఫరు అను మాట మరల తన మొదటి అర్థమునకు వచ్చినట్లయినది. యుద్ధము ముగిసిన పిదప సైన్యము వదలిన జీపులు పౌరుల చేతికి వచ్చినవి. సైన్యములో మోటారు పని నేర్చి తిరిగి వచ్చినవారును ఉన్నారు. 1950లో ప్రారంభమైన చేతిపనివారి శిక్షణ పథకము క్రింద ఐ.టి.ఐ.లలో మోటారు మెకానిక్కు పని కూడ నేర్పసాగినారు. కాని పని నేర్చినవారిలో ఎక్కువమంది బడికి పోయినవారు కారు. పదేండ్ల వయసున షెడ్డులో చేరి, మేస్త్రికి పానా అందించుచు, ఏ నట్టుకు ఏ పానాయో కన్నుతో పట్టి చెప్పగలిగిన తరువాత గాని బోల్టు త్రిప్పనివ్వబడని కుర్రవారు. ఆ బాల్యములు పానాల క్రింద నలిగినవని మరువరాదు. ఆ చేతుల నేర్పును తక్కువ చేయరాదు.

నూజివీడు సీమకు ఇదంతయు మామిడి మూలమున మరింత అవసరమైనది. నూజివీడు రైల్వే స్టేషను అని పేరున్నది ఊరిలో లేదు. హనుమాన్ జంక్షను దగ్గర ఉన్నది. కావున కాయ తోట వదలవలెనంటే రోడ్డే దిక్కు. ఏప్రిలు మొదలు జూను వరకు బంగినపల్లి, చిన్నరసాలు, పెద్దరసాలు, కలెక్టరు కాయలు వరిగడ్డిలో సర్దుకొని బయలుదేరును. కోసిన కాయ ఎవరి కొరకును ఆగదు. విస్సన్నపేట, ఆగిరిపల్లి దారులలో ఎండలో ఒక పూట బండి నిలిచిపోయినచో లోపలి కాయ మగ్గుట మొదలగును. రెండు పూటలైనచో బేరము పోవును. అందువలన ఇక్కడివారికి కారు, జీపు, లారీ మరమ్మతు అనునది వేడుక కాదు. పైగా ఎర్రనేల. వేసవిలో తోటబాట మీద ఒక బండి ముందు పోయినచో వెనుకబండికి దారి కనపడదు. ఆ ధూళి అంతయు గాలి వడపోతలో చేరును. పుస్తకములో వ్రాసిన గడువు పట్టణపు తారురోడ్డుకు వ్రాసినది. తోటబాటకు దానిని సగము చేసికొనుట మేలు.

స్వాతంత్ర్యము వచ్చిన తరువాత విదేశీ కార్ల దిగుమతి తగ్గినది. దేశములోనే విడిభాగములు తయారుచేయు సంకల్పము లేని కంపెనీలకు చోటు లేదని ప్రభుత్వము నిర్ణయించుటతో 1950ల మొదట్లోనే జనరల్ మోటార్స్, ఫోర్డు తమ కార్ల బిగింపు పని ముగించి వెళ్ళినవి. మిగిలినవి ముఖ్యముగ మూడు: ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డు. 1950ల చివర వచ్చిన అంబాసిడరు 2014 మే వరకు తయారైనది. కారు కొరకు ఏండ్ల తరబడి కాచుకొను కాలము అది. కాచుకొని తెచ్చుకొన్న కారును జీవితకాలము నడుపవలెను. అప్పుడే మన ఊళ్ళలో డ్రైవరు లేని యజమాని అను కొత్త జాతి పుట్టినది: డాక్టర్లు, పెద్ద రైతులు, కాలేజీ అధ్యాపకులు. ఆదివారము ఉదయము బానెట్టు ఎత్తి, ధోవతి ఎగగట్టి, ఇంజనులోనికి తొంగిచూచుట వారి వ్రతము.

మేమును ఆ వ్రతము పట్టినవారమే. మా యింటి అంబాసిడరు ఇంజను 1489 ఘనపు సెంటీమీటర్లది, నాలుగు సిలిండర్లు, మంట రగులు వరుస ఒకటి, మూడు, నాలుగు, రెండు. ప్లగ్గు సందు అంగుళములో వెయ్యింట ఇరువదియైదు వంతులు. పాయింట్ల సందు పదిహేను వంతులు. ఒకనాడు పాయింట్లు సరిచేసి, ప్లగ్గు తీగలు మరల తగిలించునప్పుడు మూడవదానిని రెండవ చోట పెట్టినాము. ఇంజను దగ్గినది, తుమ్మినది, కారు మొత్తము జ్వరము వచ్చినట్లు వణకి ఆగిపోయినది. ఇంటిల్లిపాది నవ్వినారు. గంటసేపటికి తప్పు దొరికినది, బండి నడచినది. నష్టము ఒక ఆదివారము మాత్రమే.

ఆ ధైర్యముతో మరుసటి నెల బ్రేకులు పట్టినాము. చక్రములోని సిలిండరు కారుచుండగా దానిని మార్చి, గొట్టములో చేరిన గాలి తీయు పని ఒంటరిగా చేసినాము. ఆ పనికి ఇద్దరు కావలెను: ఒకరు పెడలు తొక్కి పట్టుట, ఒకరు నిపిలు వదులుచేసి బిగించుట. మేము తొక్కి, దిగి, పరుగెత్తి, వదులుచేసి, మరల పరుగెత్తి ఎక్కినాము. ముంగిటిలో తొక్కి చూడగా పెడలు గట్టిగనే తోచినది. ఆగిరిపల్లి నుండి తిరిగివచ్చునప్పుడు పల్లములో తొక్కగా అది నేల వరకు దిగిపోయినది. ఆనాటి అంబాసిడరులో నాలుగు చక్రములకును నూనెదారి ఒక్కటే. అందులో గాలి చేరినచో నాలుగు బ్రేకులును మెత్తబడును. చేతి బ్రేకు మాత్రము వేరుగ, తీగతో వెనుక చక్రములకు పోవును. దానిని లాగుటవలన బండి ఒక మామిడితోట గట్టుకు ఆని నిలిచినది. లోపల మా తల్లిగారు ఉన్నారు. ఆమె ఏమియు అనలేదు. అది మాకు నేటికీ గుర్తున్నది.

తుమ్మిన కారు, ఆగని కారు: ఈ రెండు తప్పులును మేము ఒకే చేతితో, ఒకే పానాతో, ఇంచుమించు ఒకే నేర్పుతో చేసినవి. కష్టములో గొప్ప భేదము లేదు. నిజమునకు బ్రేకు పనికన్న పాయింట్ల పనియే సున్నితమైనది. భేదమంతయు తప్పు జరిగిన పిమ్మట ఏమగునన్న దానిలో ఉన్నది. ఒక తప్పు బండిని కదలనీయదు. మరొకటి బండిని ఆగనీయదు. మొదటిది ముంగిటిలోనే బయటపడును. రెండవది పల్లములో బయటపడును. కందెన పెట్టుకొను రైతు కట్టు జోలికి పోకుండుటకును, సీలను రెండు మారులు చూచుకొనుటకును కారణము ఇదియే అని మాకు అప్పుడు తెలిసినది. కొత్తవాడు పానా పట్టక ముందు “ఇది నాకు వచ్చునా” అని తన్ను తాను అడుగుకొనును. “ఇది తప్పినచో ఎక్కడ తెలియును” అని అడుగుట అంతకంటె అవసరము.

ఇదే కొలతతో చూచినచో చాల పనులు ఇంటివైపునకు వచ్చును. గాలి వడపోత తీసి దులుపుట లేక మార్చుట, వైపరు రబ్బర్లు, లైటు బల్బులు, ఫ్యూజులు, బ్యాటరీ కొనలకు పట్టిన తెల్లని బూజు వేడినీళ్ళతో కడుగుట, ఇంజను నూనె మట్టము కొలపుల్లతో చూచుట, చక్రములలో గాలి కొలుచుట. ఇందులో దేనికిని బండి క్రిందికి పోనక్కరలేదు. బ్యాటరీ తీగలు విప్పునప్పుడు మాత్రము భూమి తీగ ముందు, తగిలించునప్పుడు అది చివర. లేకున్నచో పానా ఇనుపభాగమునకు తగిలి నిప్పులు రాలును. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత త్రిప్పరాదు. పాతకాలమున వేసవి ఎండలో పెట్రోలు ఆవిరియై బండి నిలిచిపోయినప్పుడు పంపుపై తడిగుడ్డ వేసి కాచుకొనేవారము. ఆ చిట్కా ఇప్పటి కార్లకు పనికిరాదు గాని, వేడి ఇంజను దగ్గర కాచుకొను ఓపిక ఇప్పటికీ పనికివచ్చును.

స్టెప్నీ మార్చుట మధ్యరకము. ప్రతివాడును నేర్వవలసినదే, కాని ఇదియే ఎక్కువ నిర్లక్ష్యముతో జరుగును. నట్లు చక్రము నేల మీద ఉండగానే వదులు చేయవలెను. ఎదురుమూల చక్రమునకు రాయి అడ్డము పెట్టవలెను. తోటబాటలోని మెత్తని ఎర్రమట్టిలో జాకీ దిగబడును. క్రింద గట్టి పలక లేనిదే ఎత్తరాదు. టన్ను బరువు గల బండి ఆ చిన్న ఇనుపకాలు మీద నిలిచియున్నది. దాని క్రింద తల కాదు గదా, చేయి కూడ పెట్టరాదు. ఇంజను నూనె మార్చుట కొత్తవానికి తొలిపాఠమని పెక్కుమంది చెప్పుదురు. మేము ఒప్పుకొనము. పని సులభమే, కాని అది బండి క్రింద జరుగును. పూర్వము మోటారు షెడ్డు గల ఇళ్ళలో నేలలో గొయ్యి కట్టించేవారు. అట్టి గొయ్యి ఉన్నవారు చేసికొనవచ్చును. జాకీని నమ్మి క్రింద దూరువారికి ఆ పని వలదు.

బ్రేకులు, స్టీరింగు, ముందు చక్రముల సస్పెన్షను షెడ్డువి. అందులో చర్చ లేదు. నూజివీడువారికి ఆ అదృష్టము దగ్గరలోనే ఉన్నది. విజయవాడ జవహర్ ఆటోనగరులో ఒక షెడ్డు కమాను కట్టలు తప్ప మరొకటి ముట్టదు, ప్రక్కది రేడియేటర్లు, ఆ ప్రక్కది లేతు పని, ఎదుట లారీ బాడీలు కట్టు వడ్రంగులు. ఎడ్లబండి కాలపు కమ్మరి, వడ్రంగి అక్కడ వందల రూపములలో విడిపోయి కూర్చున్నట్లుండును. ఏ పని ఎవరిదో తెలిసినవారు అక్కడ పూట మిగుల్చుకొందురు. తెలియనివారు షెడ్డు నుండి షెడ్డుకు తిరుగుదురు.

కాలము మరల హద్దును జరిపినది. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినది. ఆ తరువాత కార్బురేటరు పోయి, పెట్రోలును కొలిచి చిమ్ము యంత్రములు, వాటిని నడుపు కంప్యూటర్లు వచ్చినవి. 2020 ఏప్రిలు నుండి అమలైన బి.ఎస్. 6 ప్రమాణములు ఇంజనును మరింత మూసివేసినవి. మేము ఆదివారములు గడిపిన పాయింట్లు ఇప్పుడు లేనే లేవు. ఎయిర్‌బ్యాగు తీగలను కొత్తవాడు ముట్టరాదు. విద్యుత్ కార్లలో నారింజరంగు తీగలు కనిపించినచో అక్కడితో చేయి వెనుకకు తీసికొనవలెను. అందులో ప్రాణము తీయగల వోల్టేజి పారుచుండును. అయినను గాలి వడపోత అక్కడనే ఉన్నది, వైపరు రబ్బరు అక్కడనే ఉన్నది, పంక్చరు పడుచునే ఉన్నది.

నూజివీడు 2022లో కృష్ణా జిల్లా నుండి ఏలూరు జిల్లాకు మారినది గాని తోటబాటల ధూళి మారలేదు. మా యువకుడు పోయిన వేసవిలో మొదటిసారి తన కారు గాలి వడపోత తానే ఊడదీసి, గట్టుకు కొట్టి దులిపినాడట. పిడికెడు ఎర్రమట్టి రాలినదని ఫోను చేసి చెప్పినాడు. బ్రేకులు మెత్తగా ఉన్నట్లు తోచుచున్నదనియు అన్నాడు. కోత మొదలైనది, కాయ బండ్లకు ఎక్కించుచున్నారు, తీరిక లేదన్నాడు. కారును కదపవద్దనియు, మెకానిక్కునే తోటకు పిలిపించుమనియు చెప్పినాము. ఆ రోజు అతడు కాయల వెంట లారీలో వెళ్ళినాడు.